స్ప్రింగులు అక్కర్లేదన్న మా మరిది

మా మరిదితో తగాదాకి వచ్చి నెగ్గి వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు. ఆ బేకరీ అతను కూడా నెగ్గలేదు.

షట్టర్లు తీసీ తీయగానే వచ్చాడు పాపం. చంకలో విరిగిన సైలెన్సరు గొట్టం, మోకాలికి కట్టు, మోచేతికి కట్టు. వెనకాల బేకరీ ఓనరు, ముఖం మాడ్చుకుని. దుకాణాలకి వేయాల్సిన బ్రెడ్డంతా రోడ్డు మీద దొర్లి మట్టిపాలైందట.

"అన్నా, నువ్వు చేసిన గొట్టం విరిగి నన్ను పడేసింది," అన్నాడు అతను.

మా మరిది వెల్డింగు ముసుగు నుదుటి మీదకి తోసి, గొట్టం అందుకుని, బజార్లో పుచ్చు వంకాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"ఇది విరిగి నువ్వు పడ్డావా, నువ్వు పడి ఇది విరిగిందా?"

"ఇదే విరిగిందన్నా. ముందు కొస కిందికి జారి రోడ్డుకి గుచ్చుకుంది."

"ఏమండోయ్, మీరు కూడా చూడండి," అని మరిది గొట్టాన్ని వీధిలో వాళ్ళందరికీ కనపడేలా పైకెత్తాడు. "ఈ గీతలు ఎటున్నాయి? పక్కన. బండి పక్కకి పడుకుంటేనే కదా పక్కన గీసుకుపోయేది? అంత బరువు మీద పడితే గొట్టం విరక్క పకపకా నవ్వుతుందా?"

గొట్టం సంగతి ఎలా ఉన్నా జనం మాత్రం నవ్వారు.

"అంతకు ముందు నుంచే తుస్సుతుస్సుమని చప్పుడు వస్తోందన్నా. నీకు చెప్పాను కూడా."

"చెప్పావు. ఇంజను చల్లగా ఉంటే అలాగే దగ్గుతుందన్నాను. దగ్గు వస్తే ఎవరన్నా పరిగెడతారా, నెమ్మదిగా నడుస్తారా? సరే, నిన్న ఎంత స్పీడులో వెళ్తున్నావు?"

అతను ఓనరు వైపు చూశాడు. చూసి, తలొంచుకుని, "ఆలస్యమైందని కొంచెం స్పీడుగానే వెళ్ళాను," అన్నాడు.

అక్కడే అయిపోయింది. అబద్ధం ఆడటం రాని మనిషి. "లేదు" అని ఒక్క మాట అంటే మా మరిది ఇంకో అరగంట గొంతు చించుకోవాల్సి వచ్చేది.

"విన్నారా? స్పీడు బాబుగారు వారే ఒప్పుకున్నారు. స్పీడు బాబూ, గొట్టం ఇక్కడ పెట్టి వెళ్ళు. పాత ఇనుములో అన్నా పనికొస్తుంది."

ఓనరు మా మరిదిని ఏమీ అనలేదు. తన పనివాడి వైపు తిరిగి, "మరి నాతో గొట్టం అని చెప్పావేం?" అన్నాడు. అంతే. ఇద్దరూ ముందొకరు వెనకొకరు వెళ్ళిపోయారు. మరిది ముసుగు కిందికి లాగి మళ్ళీ పనిలో పడ్డాడు. మా ఇంటి మనిషి గెలిచాడని నాకూ బాగానే ఉంది, ఎందుకు దాచాలి.

ఇక మా మరిది ఎలాంటివాడో చెప్పాలి. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి ఇంకా పాల పళ్ళు ఊడలేదు. మా అత్తగారు మంచంలో ఉంటే వాడికి తల దువ్వింది నేనే, వీపు విమానం మోత మోగించిందీ నేనే. చదువు నాకెంత వచ్చో వాడికీ అంతే వచ్చింది. కానీ చేతిపని వచ్చింది. ఇనుముని ఇనుముకి అతికితే, గ్రైండరు పెట్టి నున్నగా చేశాక, ఎక్కడ అతికాడో వేలితో తడిమినా తెలిసేది కాదు. గేట్లు చేశాడు, కిటికీ చువ్వలు చేశాడు, ఆసుపత్రి మంచాలు అతికాడు. ఆ తర్వాత ఈ స్పోర్ట్స్ బళ్ళ పిచ్చి వీధుల్లోకి వచ్చింది.

మాకు పక్కపక్కనే రెండు షట్టర్లు. ఒకదాంట్లో నేను బళ్ళ సీట్లకి కవర్లు కుడతాను. రెండోది వాడిది. మధ్యలో గోడ లేదు, రేకు. వాడు గ్రైండరు పెట్టాడంటే నా సూది వణుకుతుంది. నా దగ్గరికి సీటు కవరుకి వచ్చినవాణ్ణి వాడు పిలుస్తాడు, వాడి దగ్గరికి సైలెన్సరుకి వచ్చినవాణ్ణి నేను పిలుస్తాను. అలా బతుకుతున్నాం.

స్పోర్ట్స్ బండికి కంపెనీ సైలెన్సరు కొనాలంటే ఇంకో బండి కొన్నంత పని. సెకండ్ హ్యాండులో బండి కొనుక్కుని, దానికి పెట్రోలు పోయించుకోవడానికే కిందా మీదా పడేవాళ్ళు ఏం కొంటారు? వాళ్ళకి మా మరిది దేవుడు. పడగొట్టిన మేడల మెట్ల రెయిలింగుల స్టీలు గొట్టాలు ఏరుకొస్తాడు. పాడైన వాషింగ్ మిషన్ లోపల బోలెడు చిల్లులతో స్టీలు రేకు ఉంటుంది కదా, అది కోసి, చుట్టి లోపలి జల్లెడ గొట్టం చేస్తాడు. ఖాళీ అయిపోయిన మంటలార్పే సిలిండరు పైన డబ్బా అవుతుంది. ఆ రెండింటికీ మధ్య గాజుపీచు కూరాలి, చప్పుడు అది మింగుతుంది. ఆ పీచుకి గాజుపోగుల గుడ్డతో సంచి కుట్టేది నేను. కుట్టిన రోజు చేతులు మోచేతుల దాకా ఒకటే దురద.

"నీ గొట్టాల మూలంగా నా చేతులకి గజ్జి వచ్చిందనుకుంటున్నారురా జనం," అంటే,

"బళ్ళ గొంతు బాగుచేసే చేతులు వదినా అవి. దురద పెడితే పెట్టనీ," అనేవాడు.

ఒకటి ఒప్పుకోవాలి. లోపలంతా ఖాళీ చేసి చెవులు చిల్లులు పడేలా అరిపించే రకం కాదు వాడు. బండి గుర్రుమనాలి, మొరగకూడదు అనేవాడు. వీధిలో వాడిని గొట్టంగాడు అని పిలిచేవాళ్ళు. ఇంకొకడైతే కర్ర తీసుకునేవాడు. వీడు షట్టరు మీద పెద్ద అక్షరాలతో అదే పేరు రాయించుకున్నాడు.

బేకరీ అతనికి పెళ్ళాం గాజులు అమ్మి కొనిచ్చిన పాత బండి ఉండేది. పొద్దున దుకాణాలకి బ్రెడ్డు వేసేది దాని మీదే. దాని సైలెన్సరు తుప్పు పట్టి పట్టి చేతిలోకి ఊడి వచ్చింది. మరిది వారం తిరక్కుండా కొత్తది తయారుచేసి ఇచ్చాడు. ఇంజను దగ్గర నుంచి వచ్చే గొట్టమూ, వెనకాల డబ్బా గొట్టమూ కలిసే చోట కంపెనీ వాళ్ళు ఒకదాన్ని ఒకదాంట్లోకి దూర్చి, స్ప్రింగులతో లాగి కడతారు. డబ్బాని బండికి వేలాడదీసే పట్టీలో రబ్బరు పెడతారు. వాడు స్ప్రింగులూ పెట్టలేదు, రబ్బరూ పెట్టలేదు. రెండు గొట్టాల్నీ కలిపి అతికేశాడు. పట్టీకి నేరుగా బోల్టు బిగించాడు.

"కంపెనీ వాళ్ళు పెట్టారుగా, నువ్వెందుకు మానేశావు?" అని అడిగాను.

"వాళ్ళకి అతకడం రాక స్ప్రింగులు పెట్టుకున్నారు వదినా. నా అతుకు ఉండగా స్ప్రింగులు దేనికి? అతనికీ ఖర్చు తగ్గుతుంది."

వాడి అతుకు మీద వాడికి అంత నమ్మకం. మాకూ అంతే.

తగాదా అయ్యాక ఊరికి ఆ పేరు భలే నచ్చింది. బేకరీ ముందు నిలబడి, "స్పీడూ, ఒక బ్రెడ్డు!" "స్పీడు బాబూ, చిల్లర తొందరగా, మీకు స్పీడుకేం కొదవ!" అని ఒకటే వేళాకోళం. ఓనరు అతన్ని దుకాణాలకి పంపడం మానేశాడు. ఆ పని ఇంకెవరికో అప్పజెప్పి, ఇతన్ని వెనకాల రేకు పళ్ళాలు కడగడానికి పెట్టాడు. ఇతను తన బండి మీద గోనె కప్పి ఇంటి పక్కన నిలబెట్టాడట. అతని భార్య మాత్రం మా షట్టర్ల ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది.

మా మరిదికి ఇదంతా పట్టలేదు. పట్టలేదని కాదు, తను పెట్టిన పేరు అందరి నోటా వినబడుతుంటే మీసం కింద నవ్వుకునేవాడు కూడా.

ఒక మధ్యాహ్నం ఎవరిదో గేటుకి మడతబందు చేయడానికి స్టీలు ముక్క కావాల్సి వచ్చి, మూలన పడేసిన ఆ విరిగిన గొట్టం తీశాడు. గ్రైండరు చప్పుడు మొదలైంది, వెంటనే ఆగిపోయింది. ఆగితే మళ్ళీ మొదలవ్వాలి కదా. అవ్వలేదు. నా మిషన్ కూడా ఆపి రేకు పక్క నుంచి తొంగి చూశాను. ముక్కాలిపీట మీద కూర్చుని, విరిగిన అంచుని బొటనవేలితో రుద్దుతున్నాడు. చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, మళ్ళీ వెలుగులోకి పెట్టి చూస్తున్నాడు.

"ఏరా, ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి అలా కూర్చుంటారా?"

"ఏం లేదన్నాగా వదినా!" అని కసిరాడు. నా మీద గొంతు లేపడం అదే మొదలు. ఆ గొట్టాన్ని గుడ్డలో చుట్టి బీరువా కింద పెట్టాడు, షట్టరు దించేసి వెళ్ళిపోయాడు. ఎండ ఇంకా నడినెత్తి మీదే ఉంది.

అప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. మా తోడికోడలు, అంటే వాడి భార్య, నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ మరిది అన్నం కలిపి అలాగే కూర్చుంటున్నాడు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను, ఒక్క మాట అనలేదు. భయమేస్తోంది," అంది. ఉప్పు కాస్త ఎక్కువైతేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి.

దుకాణంలో ఇంకా వింత. తను గొట్టాలు చేసిన బళ్ళన్నిటినీ ఫోన్లు చేసి తెప్పించాడు. నున్నగా చేసిన తన అతుకుల్ని తనే కోసి పారేసి, స్ప్రింగులు పెట్టి, పట్టీల్లో రబ్బర్లు పెట్టి పంపించాడు. ఎందుకన్నా అంటే "కొత్త పద్ధతి" అన్నాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. వాళ్ళు వీడిని పొగుడుతూ వెళ్ళారు. పొగిడినప్పుడల్లా వీడు తల కొట్టేసినట్టు నేల చూపులు చూశాడు. ఎవరైనా "స్పీడు" అన్న మాట అంటే చాలు, వెల్డింగు ముసుగు కిందికి లాక్కునేవాడు. చేతిలో వెల్డింగు పని లేకపోయినా సరే.

నేను ఊరుకునే రకం కాదు. ఒక రోజు వెళ్ళి బీరువా కింద నుంచి ఆ గుడ్డమూట లాగి వాడి ముందు పెట్టాను.

"చెప్తావా, దీన్ని వీధిలో పెట్టి అందరినీ అడగమంటావా?"

మూట దగ్గరికి లాక్కుని విప్పాడు. తర్వాత గొట్టం తీసి, విరిగిన అంచు నాకు చూపించాడు.

"ఏం కనబడుతోంది?"

"సగం నల్లగా ఉంది. సగం తెల్లగా మెరుస్తోంది."

"ఆ రోజే విరిగి ఉంటే చుట్టూ తెల్లగా మెరవాలి వదినా. ఈ నలుపు పొగ మసి. చిట్లిన సందులోంచి రోజూ పొగ పోతే పట్టిన మసి. అంటే చాలా రోజుల ముందే చిట్లింది. అతను తుస్సుతుస్సుమంటోందని చెప్పింది అదే. మిగిలిన సగం పట్టుకుని వేలాడి వేలాడి, ఆ రోజు తెగింది."

"ఎందుకు చిట్లింది?"

"వేడెక్కితే స్టీలు సాగుతుంది. సాగడానికి చోటుండాలి. స్ప్రింగులు అందుకే. ఇంజను వణుకుతుంది, దానికే రబ్బరు. నేను అన్నీ బిగించేశాను. కదిలే దారి లేక అతుకు పక్కన చీలింది." గొట్టాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. "నేను దగ్గు అన్నాను వదినా. అందరి ముందూ."

మాట మీద నిలబడే ఇల్లు మాది. నా మొగుడు ఎవరి సీటు కవరు కుట్టు ఊడినా వాళ్ళింటికి వెళ్ళి కుట్టి వచ్చేవాడు, ఉన్నన్నాళ్ళూ. ఆయన తమ్ముడు తప్పు తనదై ఉండి, నిజం చెప్పినవాడికి పేరు పెట్టి ఊరి మీదకి వదిలాడు.

"వెళ్ళి చెప్పు," అన్నాను.

"చెప్తాను. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను?" అని ఆ బండికి కొత్త సైలెన్సరు మొదలుపెట్టాడు. ఇంతకు ముందు ఏ పనికీ అంత జాగ్రత్త పడగా చూడలేదు. నేను సంచి కుట్టి ఇచ్చాను. దురద గురించి ఏమీ అనలేదు.

తయారయ్యాక భార్యని వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో ఒక బిస్కెట్ల పొట్లం. దాన్ని బల్ల మీద పెట్టి, పాముని పెట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. లోపలికి వెళ్ళి గ్యాసు బండ పక్కన నక్కి కూర్చున్నాడు. జరిగింది నాకు తోడికోడలు చెప్పింది.

"బాగానే మొదలుపెట్టాడక్కా. 'తమ్ముడూ, ఆ గొట్టం సంగతి' అన్నాడు. ఆ అబ్బాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, 'వదిలేయన్నా, తప్పు నాదే. నేను స్పీడుగా వెళ్ళకుండా ఉంటే అయ్యేది కాదు. ఆ రోజు నీ దుకాణం ముందు గొడవ చేసి నీ పరువు తీశాను, మనసులో పెట్టుకోకు' అన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది! ఓనరు వింటున్నాడు, బ్రెడ్డుకి వచ్చినవాళ్ళు వింటున్నారు. మీ మరిది నోరు తెరిచాడు. నేను ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. 'అదే, చూసుకుని నడపాలి తమ్ముడూ' అన్నాడు! అక్కడి నుంచి ఆగలేదు. మలుపులో ఎలా తిరగాలి, బ్రేకు ఎలా వేయాలి, బరువు ఎటు పెట్టాలి. ఆ అబ్బాయి తలొంచుకుని ఊఁ కొడుతూనే ఉన్నాడు. కొత్త గొట్టం ఊరికే ఇస్తున్నాడని ఓనరు ఈయనకి దండాలు పెట్టి మెచ్చుకున్నాడు. ఓనరు వాళ్ళావిడ లోపల నుంచి వచ్చి ఈ పొట్లం చేతిలో పెట్టింది. సిగ్గుతో నేను చచ్చిపోయాననుకో."

అంటే మా మరిది తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళి ఇంకోసారి గెలిచి వచ్చాడన్నమాట. పైగా బిస్కెట్లు.

నేను రేకు అవతలికి వెళ్ళాను. తిడదామనే వెళ్ళాను, నోటి నిండా ఉన్నాయి తిట్లు. వాడు గ్యాసు బండకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు ఇలాగే కూర్చునేవాడు. కానీ అప్పుడు నా వంక చూసేవాడు, తిడతానా లేదా అని. ఇప్పుడు చూడలేదు.

"నేను కావాలని చేయలేదు వదినా," అన్నాడు. "గొంతు దాకా వచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. అతను తనదే తప్పు అనేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ లేచి రావడమే నాకు అసహ్యంగా ఉంది. ఆ తర్వాత నోరు దానంతటదే నడిచింది."

"నడుస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని మేపింది నువ్వేగా."

"నువ్వు వెళ్ళి చెప్పరాదూ? నీ మాట అందరూ వింటారు."

"నేనెందుకు చెప్తాను? అతుకు వేసింది నేనా? పేరు పెట్టింది నేనా? మసి పట్టిన అంచు గుడ్డలో చుట్టి దాచింది నేనా? చెప్తే నీ నోటితో చెప్పు, లేదా ఆ బిస్కెట్లు తిను."

పొట్లం వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. బయట ఎవరో సీటు కవరు కోసం "పెద్దమ్మా" అని పిలిచారు, నేను పలకలేదు.

"అతను పళ్ళాలు కడుగుతున్నాడు వదినా," అన్నాడు చివరికి. "చేతులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే తనే స్పీడుగా వెళ్ళి పడ్డానని నిజంగా నమ్మేస్తాడు. ఇప్పటికే సగం నమ్మాడు."

"అయితే ఏం చేద్దామంటావు?"

లేచి, గుడ్డమూటలోంచి విరిగిన గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు.

"రేపు పొద్దున రా నాతో. ఓనరు గల్లా దగ్గర కూర్చున్నప్పుడు, బ్రెడ్డు కోసం జనం నిలబడి ఉన్నప్పుడు. నేను మొదలుపెట్టలేను, మొదలుపెడితే మాటని మళ్ళీ ఎటో తీసుకుపోతాను. నువ్వు మొదలుపెట్టు. ఇది అందరికీ కనపడేలా పైకెత్తి, 'ఈ నలుపు ఎక్కడిదిరా' అని నన్నడుగు. గట్టిగా అడుగు. నేను మలుపులూ బ్రేకులూ అంటే నోరు ముయ్యమని చెప్పి, మళ్ళీ అదే అడుగు. నేను చెప్పిందాకా గుమ్మం దాటనివ్వకు. అతను మధ్యలో వచ్చి తప్పు నాదే అంటాడు, అనకుండా ఉండడు. అప్పుడు అతన్ని కూడా కసురు వదినా."